‘పవర్’ అనే మాట: అర్థాలు, అనువాదాలు

ఇంగ్లీషునుండి వచ్చి తెలుగువారి నోట స్థిరపడిన మాటలలో ‘పవర్’ ఒకటి. ఇంట్లో దీపాలు ఆరిపోతే ‘పవర్ పోయింది’ అంటారు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవారిని ‘పవర్ ఎంత?’ అని అడుగుతారు. పొలంలోని మోటారు ఎన్ని హార్స్ పవర్లదో చెప్పుకుంటారు. ఎన్నికలలో గెలిచిన పక్షం ‘పవర్ లోకి వచ్చింది’ అంటారు. లెక్కల తరగతిలో ‘రెండు పవర్ మూడు, ఎనిమిది’ అని పిల్లలు వల్లిస్తారు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినిని ‘హై పవర్’లో పెట్టి చూడమని ఉపాధ్యాయుడు చెబుతాడు. ఈ ఆరు సందర్భాలలోను మాట ఒక్కటే. అది సూచించే విషయాలు మాత్రం ఆరు.

నిత్యవ్యవహారంలో దీనివల్ల పెద్ద చిక్కు లేదు. దీపం ఆరినప్పుడు పవర్ పోయిందంటే మంత్రి పదవి పోయిందని ఎవరూ అనుకోరు. సందర్భమే అర్థం చెబుతుంది. చిక్కంతా శాస్త్రపాఠంలో వస్తుంది. ‘ఈ మోటారు శక్తి 746 వాట్లు’ అని పరీక్షలో రాసిన విద్యార్థికి మార్కు పోతుంది. ఆ వాక్యాన్ని అతడు తానుగా కల్పించుకోలేదు. ఇంట్లో, బజారులో, పత్రికలో, ఒక్కొక్కసారి తరగతిలోనే అటువంటి వాక్యాలు విన్నాడు. తప్పు అతడిదా, ఇంగ్లీషు మాటదా, తెలుగు అనువాదానిదా అన్నది పరిశీలించవలసిన విషయం.

మాట పూర్వచరిత్ర

‘పవర్’ అనే మాటకు మూలం లాటిన్ భాషలో ‘చేయగలగడం’ అనే అర్థమిచ్చే క్రియ. ఆ మాట ఫ్రెంచి భాషమీదుగా ఇంగ్లీషులోనికి వచ్చింది. రాజు శిక్షించగలడు, మందు రోగాన్ని తగ్గించగలదు, గుర్రం బండిని లాగగలదు. ఈ ‘గలుగుట’ అంతా పవరే. ఆనాడు దానికి కొలత లేదు, అవసరమూ లేదు.

కొలత అవసరం ఆవిరి యంత్రంతో వచ్చింది. జేమ్స్ వాట్ యంత్రాలను తయారుచేసి అమ్మిన మాథ్యూ బౌల్టన్ 1776 లో తన కర్మాగారాన్ని చూడవచ్చిన రచయిత బాస్వెల్ తో, లోకమంతా కోరుకునే పవర్ నే తాను అమ్ముతున్నానని చెప్పాడు. ఆ చమత్కారంలో యంత్రబలమూ ఉన్నది, రాజ్యాధికారమూ ఉన్నది. కాని కొనేవానికి చమత్కారం చాలదు. తన గానుగకు, తన గనికి ఎన్ని గుర్రాల పనిని ఆ యంత్రం చేస్తుందో అతనికి తెలియాలి. అందుకని వాట్ ఒక గుర్రం నిమిషానికి 33,000 అడుగు-పౌనుల పని చేస్తుందని లెక్కకట్టి, దానిని ‘హార్స్ పవర్’ అన్నాడు. ఇప్పటి కొలతలో అది సుమారు 746 వాట్లు. ఆ ప్రమాణానికి వాట్ పేరు పెట్టాలని విలియం సీమెన్స్ 1882 లో ప్రతిపాదించాడు. 1960 లో అది అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో చేరింది.

శాస్త్రజ్ఞుల భాష ఆనాడు స్వచ్ఛంగా ఉండేదనుకోవడం పొరపాటు. హెల్మ్‌హోల్ట్స్ 1847 లో శక్తి నిత్యత్వాన్ని ప్రతిపాదించిన ప్రసిద్ధ గ్రంథానికి పెట్టిన పేరులో ఉన్నది ‘క్రాఫ్ట్’ అనే జర్మన్ మాట. ఈనాటి భౌతికశాస్త్రంలో ఆ మాటకు అర్థం బలం. మహాప్రయోగకుడైన ఫారడే సైతం 1857 లో లండన్ లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ లో ‘బలనిత్యత్వం’ పేరుతోనే ఉపన్యసించాడు. ‘ఎనర్జీ’ అనే మాటను థామస్ యంగ్ తన ఉపన్యాసాలలో వాడి 1807 లో ప్రకటించినా, అది అందరి భాష కావడానికి సుమారు అర్ధశతాబ్దం పట్టింది. బలం ఒకటి, శక్తి ఒకటి, శక్తి వినియోగపు వేగం మరొకటి అని విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట కేటాయించుకున్న తరువాతనే యాంత్రికశాస్త్రం విద్యార్థికి అందే రూపానికి వచ్చింది. అంతటివారు తడబడినచోట పదో తరగతి విద్యార్థి తడబడడం వింత కాదు. అయితే వారు విడదీసి అప్పగించినదానిని అనువాదంలో మళ్ళీ కలిపివేయడం క్షమించదగినది కాదు.

శక్తి, సామర్థ్యం

తెలుగు పాఠ్యపుస్తకాలలో బలం, శక్తి, సామర్థ్యం అనే మూడు మాటలు మూడు భావాలకు కేటాయించబడి ఉన్నాయి. వస్తువు స్థితిని మార్చే తోపుడు లేక లాగుడు బలం. పని చేయడానికి కావలసినది శక్తి. ఒక సెకనులో ఎంత పని జరిగిందో తెలిపేది సామర్థ్యం. మూడింటికి ప్రమాణాలు వరుసగా న్యూటన్, జౌల్, వాట్.

శక్తికి, సామర్థ్యానికి గల తేడా ఒక బావి దగ్గర తేలికగా తెలుస్తుంది. 15 మీటర్ల లోతునుండి 10,000 లీటర్ల నీటిని పైకి తోడవలసి ఉన్నదనుకుందాము. నష్టాలు లెక్కచేయకపోతే దీనికి కావలసిన శక్తి 14,70,000 జౌళ్ళు, అంటే కరెంటు మీటరులో ఒక యూనిట్ కంటె తక్కువ, సుమారు 0.41 యూనిట్. ఒక హార్స్ పవర్ మోటారు ఈ పనిని సుమారు 33 నిమిషాలలో చేస్తుంది. 5 హార్స్ పవర్ మోటారుకు ఆరున్నర నిమిషాలు చాలు. రెండు మోటార్లూ ఇచ్చిన శక్తి ఒక్కటే. ఇచ్చిన వేగం వేరు. మొదటిది బీద మోటారు, రెండవది ధనిక మోటారు అని రైతుకు తెలుసు. కాని తొట్టి నిండడానికి రెండింటికీ అయిన ఖర్చు ఒకటేనని ‘అశ్వశక్తి’ అన్న మాట అతనికి చెప్పదు. పైగా ఐదు అశ్వశక్తుల మోటారులో ఐదు రెట్లు శక్తి దాగి ఉన్నదన్న భ్రమ కలిగిస్తుంది. ‘అశ్వసామర్థ్యం’ అని కొన్ని పుస్తకాలు దిద్దినా, లోకంలో నిలిచినది అశ్వశక్తియే.

ఇదే పొరపాటు విద్యుత్కేంద్రాల ముచ్చటలో పెద్ద అంకెలతో కనిపిస్తుంది. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భ విద్యుత్కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. మొత్తం 900 మెగావాట్లు. ఇది దాని సామర్థ్యం. అన్ని యంత్రాలూ పూర్తిగా ఒక గంట నడిస్తే 9 లక్షల యూనిట్ల శక్తి పుడుతుంది. రెండు గంటలు నడిస్తే 18 లక్షల యూనిట్లు. అసలు నడవకపోతే సున్న. కనుక ‘ఈ కేంద్రంనుండి ఏటా 900 మెగావాట్ల విద్యుత్తు వస్తుంది’ వంటి వాక్యానికి అర్థం లేదు. ఒక బస్సు ఏడాదికి గంటకు 60 కిలోమీటర్లు పోతుందని చెప్పడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. జలాశయంలో నీరు ఎంత ఉన్నదో, యంత్రం ఎన్ని గంటలు నడిచిందో చెప్పక, మెగావాట్లు మాత్రమే చెప్పి ఊరుకుంటే పాఠకునికి ప్రజాధనంతో కట్టిన కేంద్రం ఎంత పని చేసిందో తెలియదు. మాట తేడా ఇక్కడ పౌరుని విచక్షణకు సంబంధించిన విషయమవుతుంది.

ఈ సందర్భంలో ఇంగ్లీషు వాడుకను నిర్దోషి అని వదలడానికి వీలులేదు. కరెంటు కొనుగోలును, ధరను, సరఫరాను గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువారు పవర్ అనే అంటారు. కాని యూనిట్ల లెక్కన అమ్ముడుపోయేది నిజానికి శక్తి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ చొప్పున ఒక గంటలో వినియోగమైన శక్తి. కనుక ఇటువంటిచోట తెలుగువారు వాడే ‘విద్యుచ్ఛక్తి’ తప్పు కాకపోవడమే కాదు, ఇంగ్లీషు మాటకంటె సరి అయినది. అదే మాటను మెగావాట్ల పక్కన పెట్టినప్పుడు మాత్రం దోషమవుతుంది. అనువాదకుడు మాటకు మాట చూసుకున్నంతకాలం ఈ తేడా అతనికి కనబడదు.

పొరుగు భాషతో మరొక చిక్కు ఉన్నది. హిందీ శాస్త్రగ్రంథాలలో ఎనర్జీని ‘ఊర్జా’ అని, పవర్ ను ‘శక్తి’ అని అంటారు. తెలుగులో శక్తి అంటే ఎనర్జీ. రెండూ సంస్కృతపదాలే, రెండూ ఆయా భాషలలో సరైనవే. కాని హిందీ పుస్తకాన్ని చూసి తెలుగు చేసేవాడు ‘శక్తి’ని యథాతథంగా దింపుకుంటే పాఠం తలక్రిందులవుతుంది. ఒకే లిపిమూలం గల మాట పరాయిమాటకంటె ఎక్కువగా మోసగించగలదు.

లెక్కలలో ఘాతం

గణితంలో పవర్ కు మూలం వేరు. గ్రీకు గణితజ్ఞులు ఒక సంఖ్య వర్గాన్ని ‘డునామిస్’ అన్నారు. ఆ మాటకు సామాన్యార్థం బలం, సత్తా. డయోఫాంటస్ గ్రంథంలోను ఇదే మాట వర్గాన్ని సూచిస్తుంది. లాటిన్ వారు దానిని తమ భాషలో ‘సత్తా’ అనే అర్థం గల మాటతో అనువదించారు, ఇంగ్లీషువారు పవర్ అన్నారు. అదే గ్రీకు మాట డైనమో, డైనమైట్ పేర్లలో కూడ ఉన్నది. అంటే ఇంగ్లీషువారు కూడ ఒకప్పుడు మాటకు మాట పెట్టి అనువాదం చేసినవారే. ఆ అనువాదఫలంగా రెండు మూడుసార్లు గుణించడానికి, ఇంజను సత్తాకు ఒకే మాట ఏర్పడింది.

తెలుగువారు ఇక్కడ ఆ దారిన పోలేదు. సంస్కృతగణితంలో ‘ఘాతం’ అంటే గుణకారఫలం. కొట్టడం అనే అర్థం గల ధాతువునుండి గుణకార సంబంధమైన మాటలు పలు ఏర్పడినాయి. ఆ ఘాతాన్నే తెలుగు పుస్తకాలు గ్రహించాయి. వర్గం, ఘనం అనే మాటలు భాస్కరాచార్యుని లీలావతి కాలానికే స్థిరపడి ఉన్నాయి. ఘాతం అన్నప్పుడు విద్యార్థికి ఇంజనుగాని, కరెంటుగాని గుర్తుకు రావు. అంతేకాక, ఎన్నిసార్లు గుణించాలో తెలిపే అంకెకు ‘ఘాతాంకం’ అని వేరే పేరు ఉన్నది. రెండు యొక్క మూడవ ఘాతం ఎనిమిది, ఘాతాంకం మూడు. ఇంగ్లీషులో చదివే పిల్లలు ‘ఇక్కడ పవర్ మూడు’ అని ఆ రెండింటినీ కలిపివేస్తారు. తెలుగు మాటలు ఆ పొరపాటుకు చోటివ్వవు.

అలాగని ఘాతం మచ్చలేని మాట కాదు. కరెంటు తగలడాన్ని ‘విద్యుద్ఘాతం’ అంటారు. అక్కడ దాని అర్థం దెబ్బ. ఏ భాషలోనైనా మాటలు పరిమితం, భావాలు అపరిమితం. ఒక మాటకు రెండు పనులు తప్పవు. అయితే ఆ రెండు పనులు ఒకే పాఠంలో, ఒకే పుటలో ఎదురుపడకుండా చూసుకోవడం శాస్త్రరచయిత ధర్మం. ఘాతం విషయంలో అవి ఎదురుపడవు. శక్తి విషయంలో నిత్యం ఎదురుపడతాయి.

కటకం, కన్ను, సూక్ష్మదర్శిని

కళ్ళజోడు పవర్ సంగతి మరొకటి. కటకం కిరణాలను ఎంతగా వంచుతుందో తెలిపేది దాని పవర్. నాభ్యంతరాన్ని మీటర్లలో చెప్పి, ఒకటిని దానితో భాగిస్తే వచ్చేదే అది. ప్రమాణం డయాప్టర్. ఈ పేరును ఫ్రెంచి నేత్రవైద్యుడు మొనోయే 1872 లో సూచించాడు. తెలుగు పుస్తకాలలో దీనిని ‘కటక సామర్థ్యం’ అంటారు.

ఇందులో మోటారు సామర్థ్యంతో పోలిక పేరులో మాత్రమే ఉన్నది. కటకం ఏ పనీ చేయదు, శక్తిని వినియోగించదు. అయినా విద్యార్థులలో రెండు భ్రమలు కనబడతాయి. మొదటిది, పవర్ పెరిగిందంటే చూపు పెరిగిందో తగ్గిందో తెలియకపోవడం. హ్రస్వదృష్టిగల విద్యార్థి కళ్ళజోడు మైనస్ రెండునుండి మైనస్ నాలుగుకు మారితే ఇంట్లో ‘పవర్ పెరిగింది’ అంటారు. లెక్కల తరగతిలో మైనస్ నాలుగు మైనస్ రెండుకంటె చిన్నదని చెబుతారు. పిల్లవాడు ఏది నమ్మవలెను? నాభ్యంతరం చెబితే చిక్కు విడిపోతుంది. మైనస్ రెండు కటకానికి 50 సెంటీమీటర్లు, మైనస్ నాలుగుకు 25 సెంటీమీటర్లు. రెండవది కిరణాలను ఎక్కువ వంచుతుంది. మైనస్ గుర్తు అది పుటాకార కటకమని, కిరణాలను విడదీస్తుందని మాత్రమే తెలుపుతుంది.

రెండవ భ్రమ ఇంకను బాధాకరమైనది. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లవాని కన్నుకు పవర్ లేదని తోటివారు ఎగతాళి చేస్తారు. వాస్తవం దీనికి విరుద్ధం. విశ్రాంతిగా ఉన్న మామూలు కంటి సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లు. హ్రస్వదృష్టిగల కన్ను తన పొడవుకు తగినదానికంటె ఎక్కువగా కిరణాలను వంచుతుంది, బింబం రెటీనాకు ముందుగానే ఏర్పడుతుంది. ఆ ఎక్కువను తగ్గించడానికే మైనస్ కటకం. అంటే ఆ కంటిలో లోపించినది పవర్ కాదు. కంటి పొడవును బట్టి చూస్తే అది కాస్త మిగిలిపోయినది. ఈ ఒక్క మాట తరగతిలో చెబితే ఒక పాఠం అర్థమవుతుంది, ఒక పిల్లవాని సిగ్గు తీరుతుంది.

సూక్ష్మదర్శిని దగ్గర పవర్ రెండు విధాలు. వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో తెలిపేది ఒకటి. 40 రెట్ల వస్తుకటకం, 10 రెట్ల అక్షికటకం కలిస్తే 400 రెట్లు. దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపగలగడం రెండవది. దీనిని పృథక్కరణ సామర్థ్యం అంటారు. మొదటిదానిని ఎంత పెంచినా రెండవది దానితోపాటు పెరగదు. కాంతి తరంగదైర్ఘ్యం దానికి హద్దు కట్టుతుందని అబ్బే 1873 లో నిరూపించాడు. మామూలు కాంతి సూక్ష్మదర్శినికి ఆ హద్దు మిల్లీమీటరులో సుమారు అయిదువేలవ వంతు. ‘పవర్ పెంచితే ఇంకా కనబడుతుంది’ అనుకునే విద్యార్థి ఈ రెండు అర్థాలను కలిపివేసినవాడే.

ఏ అనువాదం మంచిది?

ఇన్ని అర్థాలను పరిశీలించిన తరువాత ఒక చిత్రమైన విషయం తేలుతుంది. పవర్ కు తెలుగులో వచ్చిన అనువాదాలలో బాగా అతికినవి, పవర్ కు సమానమైన మాట ఏదీ లేనివే. పవర్ హౌస్ కు ‘విద్యుత్కేంద్రం’ అన్నారు; అందులో శక్తీ లేదు, సామర్థ్యమూ లేదు. పవర్ లూమ్ ను ‘మరమగ్గం’ అన్నారు. సిరిసిల్ల నేతగాడు ఆ మాటను ఏ పదకోశం చూడకుండానే వాడుతాడు. చేతితో కాక మరతో నడిచే మగ్గమని వినగానే తెలుస్తుంది. రాజకీయాలలో పవర్ ను ‘అధికారం’ అన్నారు. ఇక్కడ బెర్ట్రాండ్ రసెల్ సంగతి స్మరించదగినది. 1938 లో రాజ్యాధికారంపై రాసిన గ్రంథంలో ఆయన, భౌతికశాస్త్రంలో ఎనర్జీకి గల స్థానమే సమాజశాస్త్రంలో పవర్ కు ఉన్నదన్నాడు. పవర్ ను పవర్ తో పోల్చక ఎనర్జీతో పోల్చాడు. మాట ఒకటైనంతమాత్రాన భావం ఒకటి కాదని గణితజ్ఞుడైన ఆయనకు తెలుసు. పై అనువాదాలు చేసినవారు కూడ మాటను వదలి వస్తువును చూశారు.

‘సామర్థ్యం’ అనే మాట వీటికంటె ఒక మెట్టు తక్కువ. అది నిర్దుష్టమైనదే గాని పని ఎక్కువైనది. మోటారుకు, కటకానికి, సూక్ష్మదర్శినికి అదే మాట. ఉష్ణధారణ సామర్థ్యంలోను అదే. గోదాములో ఎన్ని బస్తాలు పడతాయో చెప్పడానికీ అదే. ఇచ్చినదానిలో ఎంత పనికివచ్చిందో తెలిపే ‘దక్షత’ బదులు కూడ కొందరు దీనినే వాడుతారు. కనుక ఏ విశేషణమూ లేకుండా ఒంటరిగా ‘సామర్థ్యం’ అని విడిచిపెట్టడం, శక్తి అనడంకంటె కొద్దిగా మాత్రమే మేలు. కటక సామర్థ్యం, యంత్ర సామర్థ్యం, పృథక్కరణ సామర్థ్యం అని పూర్తిగా చెప్పడం అవసరం.

ఇక ‘పవర్’ను అలాగే తెలుగులో వాడుకోవడం తప్పా? సంభాషణలో కాదు. బజారులో ‘జీరో పవర్ బల్బు’ అని అడిగేవానిని దిద్దనక్కరలేదు. కాని శాస్త్రతరగతిలో ఆ బల్బునే మంచి ఉదాహరణగా తీసుకోవచ్చును. పాతకాలపు తీగ బల్బులలో జీరో అని పేరు పొందినది సుమారు 15 వాట్లు వినియోగించేది. రాత్రికి పది గంటల చొప్పున నెలరోజులు వెలిగితే నాలుగున్నర యూనిట్లు. పేరు సున్న, ఖర్చు సున్న కాదు. అలాగే వాట్లు వెలుతురుకు కొలత కావు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును సుమారు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపం ఇస్తుంది. ‘ఎక్కువ పవర్ బల్బు’ అంటే ఎక్కువ వెలుతురు అనే అర్థం ఈనాడు చెల్లదు.

విద్యార్థికి ఇవన్నీ కంఠస్థం చేయించనక్కరలేదు. ఉపాధ్యాయుడు ఒక్క అలవాటు నేర్పితే చాలును. పవర్ అనిగాని, శక్తి అనిగాని, సామర్థ్యం అనిగాని మాట వినబడగానే, ‘దీని ప్రమాణం ఏది?’ అని అడగవలెను. వాట్ అయితే పని జరిగే వేగం. జౌల్ లేక యూనిట్ అయితే శక్తి. డయాప్టర్ అయితే కటకం. ప్రమాణమే లేక వట్టి సంఖ్య అయితే రెట్లో, ఘాతాంకమో. కొలవడానికి ఏ ప్రమాణమూ దొరకకపోతే అది బహుశా అధికారం కావచ్చును. పదకోశం దగ్గర లేని పల్లెటూరి పాఠశాలలో సైతం ఈ ప్రశ్నకు ఖర్చు లేదు.

పూర్వం భారతీయ శాస్త్రకారులు మాటకు, అర్థానికి గల సంబంధాన్నే శక్తి అన్నారు. ఆ శబ్దశక్తి మాటలో దానంతట అది పుట్టదు. వాడేవారి ఒప్పందంవల్ల నిలుస్తుంది. బలం, శక్తి, సామర్థ్యం, ఘాతం అనే నాలుగు మాటలతో తెలుగువారు ఇంగ్లీషుకంటె స్పష్టమైన ఒప్పందం చేసుకున్నారు. మోటారు శక్తి 746 వాట్లని రాసిన విద్యార్థికి మార్కు తగ్గించే ముందు, ఆ ఒప్పందాన్ని తరగతిలో, పుస్తకంలో, పత్రికలో పెద్దలు పాటించారా అని ఒకసారి చూసుకోవడం న్యాయం.